పడవ ట్రెయిలర్‌పై కర్ర బంకులు: ఎంపిక, అమరిక

పడవను రోడ్డు మీద మోసుకెళ్లే ట్రెయిలర్‌లో, పడవ అడుగుకు నేరుగా ఆని దాని బరువు భరించే పొడవాటి కర్ర పలకలను బంకులంటారు. తెలుగువారికి బంకు అనగానే పెట్రోలు బంకో, కిళ్లీ బంకో మెదులుతుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. ట్రెయిలర్ ఇనప చట్రం మీద, మధ్యగీతకు అటొకటి ఇటొకటిగా, సాధారణంగా రెండు బంకులు బిగిస్తారు. బరువైన పడవలకు నాలుగు. పైన కార్పెట్ చుట్టి ఉంటుంది కనుక చూసేవారికి అవి మెత్తటి దిళ్లలా కనిపిస్తాయి. ఆ రూపం చూసే చాలామంది పొరబడతారు. గీతలు పడకుండా చూడడం బంకుకు చిన్న పని. నీళ్లలో లేనప్పుడు పడవకు నీళ్ల స్థానంలో నిలబడడం దాని అసలు పని. కొలత, కర్ర జాతి, బోల్టు, పైన చుట్టే గుడ్డ, అన్నిటినీ నిర్ణయించేది ఆ అవసరమే.

ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి. బంకుల ట్రెయిలర్ అక్కడ చాలా ఇళ్ల ముందు కనిపించే వస్తువు.

పడవ ఇంటికి వచ్చిన కథ

ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన, పడవ వెనక తగిలించుకునే మోటారు చిన్న పడవను సామాన్యుడి చేతికి అందించింది. 1933లో ఏర్పడిన టెనెసీ వ్యాలీ అథారిటీ వరుసగా ఆనకట్టలు కట్టింది; వాటిలో మొదటిదైన నారిస్ డ్యామ్ 1936లో పూర్తయింది. ఎర్ర నది మీద డెనిసన్ డ్యామ్ 1944లో లేచి, టెక్సస్-ఓక్లహోమా సరిహద్దులో టెక్సోమా జలాశయం ఏర్పడింది. ఇలా సముద్రం ముఖం చూడని జిల్లాలకు కూడా పెద్ద పెద్ద నీటి వసతులు వచ్చాయి. అయితే జలాశయంలో నీటి మట్టం ఏడాది పొడవునా ఒక్కలా ఉండదు. ప్రతి కుటుంబానికీ ఒడ్డున రేవు ఇవ్వడమూ కుదరదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ పడవలు తేలికయ్యాయి, కార్లు బలమైనవి వచ్చాయి, 1956 చట్టంతో జాతీయ రహదారుల నిర్మాణం ఊపందుకుంది. పడవ ఇంటి ముందు ట్రెయిలర్ మీద కాపురం పెట్టింది. ఆర్కన్సా రాష్ట్రంలోని ఫ్లిప్పిన్ అనే చిన్న ఊళ్లో ఫారెస్ట్ వుడ్ 1968లో ప్రారంభించిన రేంజర్ సంస్థ లాంటివి చేపల వేటకే ప్రత్యేకమైన వేగ పడవలను ఇలా ట్రెయిలర్ మీద తిరిగే జీవితం కోసమే తయారు చేశాయి.

అలాంటి పడవ లెక్క వేసి చూస్తే నీళ్లలో గడిపేది ఏడాదికి కొన్ని రోజులు. మిగతా కాలమంతా రెండు పలకల మీదే. డాలస్ పరిసరాల్లో స్థిరపడి, వారాంతాల్లో టెక్సోమా, లూయిస్‌విల్ జలాశయాలకు వెళ్లే తెలుగు కుటుంబాల్లో ఎవరైనా పాత పడవ కొంటే, మోటారును పరీక్షించినంత శ్రద్ధగా ఆ పలకలనూ పరీక్షించాలి.

మన తీరంలో ఈ సమస్య ఈ రూపంలో లేదు. తెప్పనో ఫైబర్ పడవనో ఒడ్డుకు లాగేటప్పుడు అడుగున దుంగలు వేసి దొర్లిస్తారు. పైకి చేరాక ఇసుకే అడుగు ఆకారానికి ఒదిగి పడవంతటినీ మోస్తుంది. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పోటీలకు వాడే లేజర్ పడవ ఖాళీ బరువు 59 కిలోలే. దాన్ని చేతితో తోసే తేలికపాటి బండి చాలు. ఇసుక చేసే పనిని రెండు పలకలతో చేయించవలసి వచ్చినప్పుడే బంకుల శాస్త్రం మొదలవుతుంది.

నీళ్లు మోసే తీరు, పలక మోసే తీరు

వెయ్యి కిలోల పడవను తీసుకుందాం. అడుగు 20 సెంటీమీటర్ల లోతు మునిగితే, అక్కడ నీళ్లు పైకి నెట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.02 కిలో. అడుగంతటా అది సమానంగా, మృదువుగా పరుచుకుని ఉంటుంది. అదే పడవను మూడు మీటర్ల పొడవు, 89 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రెండు బంకుల మీద పెడితే, పలక అంగుళం కూడా వదలకుండా ఆనిందనుకున్నా ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.19 కిలో. నీళ్లలో కంటే తొమ్మిది రెట్లు. బంకుల బదులు పదహారు రబ్బరు రోలర్లు ఉండి, ఒక్కోటి పది చదరపు సెంటీమీటర్ల మేర ఆనిందనుకుంటే ఆరు కిలోలు దాటుతుంది. రోలర్ల మీద ఏళ్ల తరబడి ఉన్న పలుచని ఫైబర్ పడవల అడుగున వరుసగా సొట్టలు కనిపించడానికి కారణం ఇదే.

ఈ లెక్కలో ఒక షరతు ఉంది: పలక మొత్తం ఆనాలి. సగం పొడవే ఆనితే ఒత్తిడి రెట్టింపు. రెండు చివర్లలో మాత్రమే ఆనితే బంకు పేరుకే బంకు. రోడ్డు మీద గుంత తగిలినప్పుడు పడవ బరువు ఒక్క క్షణం రెండింతలుగా పడుతుంది. నిలబడి ఉన్నప్పుడు సరిపోయిన అమరిక అప్పుడు సరిపోకపోవచ్చు.

ఫైబర్‌గ్లాస్ పడవ లోపల, అడుగుకు అతుక్కుని పొడవునా సాగే దూలాలు ఉంటాయి. అడుగు పొరకు వెన్నెముకలు అవే. బంకు వీలైనంతవరకు ఈ దూలాల కిందికే రావాలి. రెండు దూలాల మధ్య ఖాళీ పొర మీద బంకు పడితే పొర లోపలికి నొక్కుకుపోతుంది. దూలాలు ఎక్కడున్నాయో లోపల అడుగు భాగం చూసి తెలుసుకోవచ్చు. కనపడకపోతే బయటి నుంచి వేలి కణుపుతో తట్టి వింటే బోలు చోటుకీ గట్టి చోటుకీ శబ్దం తేడా తెలుస్తుంది. పడవ తయారుచేసిన సంస్థ దగ్గర కొలతల పటం దొరికితే అంతకంటే మంచిది లేదు. ఇంకో అడ్డంకి, అడుగు బయటి వైపు పొడవునా ఉండే సన్నని గట్లు. వేగంగా వెళ్లేటప్పుడు పడవను పైకి లేపడానికి అవి పనికొస్తాయి. బంకు ఆ గట్టు మీద ఎక్కితే బరువంతా ఆ సన్నని అంచు మీదే పడుతుంది. కాబట్టి బంకు రెండు గట్ల మధ్య చదును చోటులో ఇమడాలి.

వెనక పలక: అన్నిటికంటే ముఖ్యమైన చోటు

బంకుల విషయంలో ఒక్కటే సరిచూసే తీరిక ఉంటే, బంకు వెనక చివర ఎక్కడ ముగుస్తోందో చూడాలి. మోటారు తగిలించే నిలువు పలక పడవకు వెనక గోడ. నూట యాభై గుర్రాల శక్తి మోటారు బరువు రెండు వందల కిలోల పైమాటే. దానికి తోడు ఇంధనం ట్యాంకు, బ్యాటరీలు కూడా తరచు వెనకే ఉంటాయి. బంకు ఆ గోడ కిందివరకు రాకుండా కొంత దూరం ముందే ఆగిపోతే ఈ బరువంతా గాలిలో వేలాడుతుంది. బంకు చివర తిరుగుబిందువై, దాని వెనక ఉన్న అడుగు నెలల తరబడి మెల్లగా కిందికి వంగుతుంది. అడుగు చివర కొక్కెంలా కిందికి తిరగడం వల్ల అమెరికాలో దీన్ని హుక్ అంటారు. అలా వంగిన పడవ వేగంగా వెళ్లేటప్పుడు వెనక భాగం అతిగా పైకి లేస్తుంది, ముక్కు నీళ్లలోకి దిగుతుంది, వేగం తగ్గుతుంది. యజమాని మోటారును తప్పుపడతాడు, పంకా మారుస్తాడు, డబ్బు పోతుంది. తప్పు పలకది.

దీన్ని పట్టుకోవడం తేలిక. మీటరున్నర పొడవున్న తిన్నని అల్యూమినియం పట్టీని పడవ అడుగున, వెనక గోడ అంచు నుంచి ముందుకు పొడవుగా ఆనించాలి. పట్టీ రెండు కొనలూ తాకి మధ్యలో వెలుతురు కనిపిస్తే అడుగు వంగినట్టే. కొందరు తయారీదారులు కావాలనే కొద్దిపాటి వంపు ఇస్తారు కనుక, రెండు వైపులా సమానంగా, చిన్నగా ఉన్న వంపును చూసి బెదరనక్కర్లేదు.

అందుచేత బంకు చివర వెనక గోడతో సమంగా గానీ, ఒకటి రెండు అంగుళాలు దాటి గానీ ఉండాలి. దాటిన ముక్క నీరు వదిలే బిరడాకో, లోతు కొలిచే పరికరానికో తగలకూడదు. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. ట్రెయిలర్ ముందు కొన కారు మీద మోపే బరువు, మొత్తం బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు ఉండాలన్నది పడవ ట్రెయిలర్లకు వాడుకలో ఉన్న నియమం. అంతకంటే తగ్గితే రోడ్డు మీద ట్రెయిలర్ తోకలా ఊగుతుంది. ఆ బరువు సరిచేయడానికి పడవను ముందుకో వెనక్కో జరిపేస్తారు. దాంతో వెనక గోడ బంకు చివర నుంచి తప్పుకుంటుంది. పడవను బంకుకు తగ్గట్టు ఉంచి, పడవను పైకి లాగే వించ్ ఉన్న స్తంభాన్ని ముక్కుకు ఆనేలా బిగించి, మిగిలిన తేడాను ఇరుసును జరిపి సరిచేయాలి. శ్రమ ఎక్కువే, కానీ వేరే దారి లేదు.

పలక పరిమాణం: పడుకోబెట్టాలా, నిలబెట్టాలా

అమెరికా కలప దుకాణంలో టూ-బై-ఫోర్ అని అడిగితే ఇచ్చేది రెండు అంగుళాలకు నాలుగు అంగుళాల పలక కాదు. చిత్రిక పట్టాక మిగిలేది ఒకటిన్నరకు మూడున్నర, అంటే 38కి 89 మిల్లీమీటర్లు. టూ-బై-సిక్స్ అంటే 38కి 140. ఫోర్-బై-ఫోర్ అంటే 89కి 89. కొత్తగా వెళ్లినవారు పేరునే కొలతగా నమ్మి, పలకను చట్రానికి పట్టించే బ్రాకెట్లు కొని, తర్వాత వదులుగా ఉన్నాయని విసుక్కోవడం మామూలే.

అదే పలకను పడుకోబెడితే ఒక బలం, అంచు మీద నిలబెడితే ఒక బలం. మన ఇళ్లలో దూలాన్ని ఎప్పుడూ నిలువుగానే వేస్తారు, ఎందుకో మేస్త్రిని అడిగితే క్షణంలో చెబుతాడు. పైన చెప్పిన వెయ్యి కిలోల పడవకే లెక్క చూద్దాం. బ్రాకెట్ల మధ్య దూరం 1.2 మీటర్లు అనుకుంటే, సాధారణ పైన్ కర్ర టూ-బై-ఫోర్‌ను పడుకోబెట్టినప్పుడు మధ్యలో దాదాపు 11 మిల్లీమీటర్లు దిగుతుంది. నిలబెడితే రెండు మిల్లీమీటర్లే. ఫోర్-బై-ఫోర్ అయితే ఒక మిల్లీమీటరు లోపే.

ఇంత తేడా ఉన్నప్పుడు అందరూ నిలబెట్టే వాడవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు రెండు చోట్ల ఉంది. నిలబెట్టిన పలక ఆనే వెడల్పు 89 నుంచి 38కి పడిపోతుంది. ఒత్తిడి రెండింతల పైన పెరుగుతుంది. పైగా పడవ అడుగు వాలుగా ఉంటుంది. ఆ వాలుకు సరిగ్గా పలక పై అంచును ఏటవాలుగా చెక్కకపోతే ఆనేది ఒక్క మూల మాత్రమే, కత్తి అంచులా. రెండో చిక్కు, పడవ అడుగు పొడవునా తిన్నగా ఉండదు. ముందుకు పోయేకొద్దీ పైకి లేస్తుంది. పడుకోబెట్టిన పలక కొంచెం వంగి ఆ వంపును అనుసరిస్తుంది. బిర్రుగా ఉన్న పలక అనుసరించదు.

నా దృష్టిలో ఐదున్నర మీటర్ల లోపు పడవలకు మంచి మార్గం, పలకను పడుకోబెట్టి బ్రాకెట్లు పెంచడం. దూరం సగమైతే వంపు పదహారో వంతుకు తగ్గుతుంది. 60 సెంటీమీటర్లకు ఒక బ్రాకెట్ ఉంటే ఆ 11 మిల్లీమీటర్లు ఒకటి లోపుకు దిగుతాయి. రెండు అదనపు బ్రాకెట్ల ఖర్చుకు దొరికే లాభం ఇంకెక్కడా దొరకదు. బరువైన పడవలకు ఫోర్-బై-ఫోర్, లేదా పై అంచు వాలుగా కోసి నిలబెట్టిన టూ-బై-సిక్స్ సరిపోతాయి.

అడుగు వాలు పడవను బట్టి మారుతుంది. చెరువుల్లో వాడే చదును అడుగు పడవకు వాలే ఉండదు. అలల మీద దూకుడుగా వెళ్లే లోతు వీ ఆకారపు పడవకు వెనక భాగంలో కూడా 24 డిగ్రీల దాకా వాలు ఉంటుంది. రే హంట్ గీసిన ఈ ఆకారం, 1960లో మయామీ-నసావు పందెంలో మాపీ అనే పడవ గెలవడంతో ప్రసిద్ధమైంది. అలాంటి పడవకు బంకు తనంతట తాను తిరిగి వాలుకు ఒదిగే ఇరుసు బ్రాకెట్లు బాగా పనికొస్తాయి. ముందువైపు బంకుకు ఇవి దాదాపు తప్పనిసరి.

ఏ కర్ర

బంకు బతుకు కర్రకు కఠిన పరీక్ష. నీళ్లలో మునుగుతుంది, ఎండలో ఎండుతుంది, మళ్లీ మునుగుతుంది. పైన తడి కార్పెట్ రోజుల తరబడి ఆరదు. కర్రలో తేమ నూటికి 20 వంతుల లోపు ఉంటే పుచ్చు పుట్టించే బూజు బతకలేదు. ఎప్పుడూ మునిగి ఉన్న కర్రకు గాలి అందదు కనుక అదీ నిలుస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న స్థితే ప్రమాదం, బంకు ఉండేది అక్కడే.

చేవ ఉన్న కర్ర తీసుకోవాలన్న మన వడ్రంగి మాట ఇక్కడా పనిచేస్తుంది. చెట్టు నడిమి భాగమైన చేవలో సహజ రక్షణ పదార్థాలుంటాయి. బెరడు వైపు తెల్లచెక్కలో ఉండవు. డగ్లస్ ఫర్ గట్టిది, తిన్నగా సాగే కర్ర, పుచ్చు నివారణ మందు ఎక్కించకుండానే కొన్నేళ్లు పనిచేస్తుంది. దక్షిణ రాష్ట్రాల పసుపు పైన్ బలమైనది, మందును బాగా పీల్చుకుంటుంది, చవక. సైప్రెస్, దేవదారు జాతి కర్రలు పుచ్చును తట్టుకుంటాయి, కాని దేవదారు మెత్తన. బోల్టు కింద అణిగిపోతుంది. ఓక్ విషయంలో జాగ్రత్త అవసరం. తెల్ల ఓక్ చేవలో నీటి గొట్టాలు సహజంగానే మూసుకుపోయి ఉంటాయి. అందుకే పీపాలకూ ఓడలకూ వాడారు. ఎర్ర ఓక్‌లో అవి తెరిచే ఉంటాయి, చిన్న ముక్క ఒక కొన తడిపి మరో కొన నుంచి ఊదితే బుడగలు వస్తాయి. దుకాణంలో ఉత్త ఓక్ అని అమ్మితే ఈ పరీక్ష చేయడం మంచిది. ఎర్ర ఓక్ బంకుకు పనికిరాదు. తెల్ల ఓక్ కూడా ఇనుము తగిలిన చోట నల్లబడి మేకును తినేస్తుంది.

జాతి కంటే ముక్క ముఖ్యం. పలకను కంటి ఎదుట పెట్టి అంచు వెంబడి చూడాలి. మెలి తిరిగినది ఎంత చవకైనా వద్దు. ముళ్లు, అంటే కొమ్మ మొదళ్ల కళ్లు, తక్కువ ఉండాలి. ఉన్నవి బ్రాకెట్ల మధ్యకు రాకుండా, ముఖ్యంగా సాగుడు పడే కింది ముఖం మీదికి రాకుండా చూడాలి. కోసిన కొన మీద వయసు వలయాలు కనిపిస్తాయి. తడిగా కొన్న పలక ఎండేకొద్దీ బెరడు వైపు ముఖం గుంటపడుతుంది. ఆ ముఖం పైకి ఉంటే నీళ్లు నిలిచే తొట్టి తయారవుతుంది, పడవ రెండు అంచుల మీదే ఆనుతుంది. అందుకే ఆ ముఖాన్ని కిందికి పెట్టడం మేలు.

మందు ఎక్కించిన కర్ర, అల్యూమినియం పడవ

ఒత్తిడితో మందు ఎక్కించిన కర్ర దుకాణంలో చవకగా, పచ్చటి రంగులో దొరుకుతుంది. చాలామంది ఆలోచించకుండా అదే కొంటారు. ఫైబర్‌గ్లాస్ పడవ కిందైతే పెద్ద నష్టం లేదు. అల్యూమినియం పడవ కింద పెడితే కీడు జరగవచ్చు.

పూర్వం వాడిన మందులో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉండేవి. ఆర్సెనిక్ విషమన్న ఆందోళన వల్ల, 2003 చివరి నాటికి అమెరికాలో ఇళ్ల వాడకానికి ఆ కర్ర తయారీ ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన మందుల్లో ఆర్సెనిక్ లేదు, బదులుగా రాగి పాలు బాగా పెరిగింది. ఈ రాగి కొద్దికొద్దిగా కరిగి తడి కార్పెట్‌లోకి దిగుతుంది. రాగి, అల్యూమినియం తడిలో కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ బ్యాటరీలో తరిగిపోయేది అల్యూమినియమే. అడుగున ముందు తెల్ల పొడి, తర్వాత సూది మొన పట్టేంత గుంటలు, కొన్నేళ్లకు చిల్లులు. పైకి కనిపించని చోట జరుగుతుంది కనుక యజమానికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఉప్పునీరైతే మరీ వేగం, కాని మంచినీటి చెరువుల్లోనూ ఇది జరుగుతుంది.

అల్యూమినియం పడవకు మందు లేని డగ్లస్ ఫరో సైప్రెసో వాడి, ఏడెనిమిదేళ్లకోసారి మార్చుకోవడమే తెలివైన పని. రెండు పలకల ధర పడవ అడుగు మరమ్మతు ముందు లెక్కలోకి రాదు. మందు కర్ర తప్పనిసరైతే పలకకూ పడవకూ మధ్య కార్పెట్ కాకుండా నీళ్లు ఇంకని ప్లాస్టిక్ పట్టీ ఉండాలి. బోరాన్ లవణాల మందు రాగి లేనిది కదా అని కొందరు సూచిస్తారు. అది నీళ్లలో కరిగి కొట్టుకుపోతుంది. ఇంటి లోపలి కర్రకు మంచిదే గాని బంకుకు నిరుపయోగం.

రాగి మందు మామూలు ఇనప మేకులనూ తింటుంది. కాబట్టి బోల్టులు వేడి జింకులో ముంచి తీసినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కావాలి. సముద్రం వెళ్లే ట్రెయిలర్‌కు 316 రకం స్టెయిన్‌లెస్.

బిగింపు

పని పడవను లేపడంతో మొదలవుతుంది. నీళ్లలో దింపేసి ఖాళీ ట్రెయిలర్ తెచ్చుకుంటే అన్నిటికంటే క్షేమం. ఇంటి దగ్గరే చేయాలంటే ఒక వైపు బంకు మాత్రమే మార్చి, తర్వాత రెండోది మార్చడం పద్ధతి. పడవ వెనక గోడ కింద, ముందు వెన్ను కింద గట్టి దిమ్మలు పెట్టి బరువు వాటి మీదికి దించాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన పడవ కిందికి ఎవరూ చేయి కూడా పెట్టకూడదు.

పలక పై అంచులను ఆరు మిల్లీమీటర్ల మేర గుండ్రం చేయాలి. కార్పెట్ ముందు అరిగేది పదునైన మూల దగ్గరే. కోసిన కొనలకు, వేసిన రంధ్రాలకు నూనెతోనో రంగుతోనో రెండు మూడు పూతలు వేయాలి. పలక నీళ్లను ముఖం నుంచి కంటే కొన నుంచి ఎన్నో రెట్లు త్వరగా పీల్చుకుంటుంది. పలకంతటికీ ఎపాక్సీ పూసి మూసేస్తే శాశ్వతంగా ఉంటుందని నమ్మేవారున్నారు. ఒక్క బోల్టు రంధ్రంలోంచి దూరిన నీరు ఆ పూత లోపల బందీ అవుతుంది. బయటికి మెరుస్తూ లోపల పుచ్చిన పలకలు అలాగే తయారవుతాయి. కర్రను ఊపిరి పీల్చనిస్తేనే ఎక్కువ కాలం ఉంటుంది.

బోల్టు పై నుంచి కిందికి దిగేదైతే దాని తల పలక ముఖానికి కనీసం పన్నెండు మిల్లీమీటర్ల లోపల ఉండేలా గుంట తవ్వాలి. కార్పెట్ అరిగిన రోజు పడవ అడుగుకూ ఆ ఇనప తలకూ మధ్య మిగిలే దూరం అదే. కింది నుంచి మర మేకు ఎక్కిస్తే 38 మిల్లీమీటర్ల పలకను దాటి మొన పైకి రాకుండా పొడవు ఎంచుకోవాలి. నిలబెట్టిన పలకకు బోల్టు పక్క నుంచి అడ్డంగా పోతుంది, పడవ దరిదాపులకు రాదు. ఆ అమరికలో నాకు నచ్చే గుణం ఇదే.

రెండు బంకులూ మధ్యగీతకు సమాన దూరంలో ఉన్నాయో లేదో రెండు చివర్లలోనూ కొలవాలి. ఒక బంకు ముందు మూల నుంచి రెండో బంకు వెనక మూలకు ఏటవాలుగా కొలిచిన రెండు దూరాలు ఒకటిగా రావాలి. ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం చూసే పద్ధతే. ఆ తర్వాత అన్ని నట్లూ కొద్దిగా వదులుగా ఉంచి పడవను మీదికి తెచ్చి, బరువు మీద బంకులను అడుగుకు ఒదగనిచ్చి, అప్పుడు బిగించాలి. ఈ వరుస తప్పితే మిగిలిన జాగ్రత్తలన్నీ వృథా. ఇంధనం, బ్యాటరీలు, వాడుక సామాను ఉన్న బరువుతోనే చూడాలి. సన్నని కాగితం ముక్కను పలకకూ అడుగుకూ మధ్య దూర్చుకుంటూ పోతే ఎక్కడ సందు ఉందో తెలుస్తుంది. సందు ఉన్నచోట బ్రాకెట్ పైకి లేపాలి. చీలికలు కొట్టి నింపకూడదు, ప్రయాణంలో అవి రాలిపోతాయి. చక్రాల పైరేకుకూ పడవకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. మొదటి ప్రయాణం తర్వాత ప్రతి నట్టునూ మళ్లీ బిగించాలి; కొత్త కర్ర అణుగుతుంది.

కార్పెట్, ప్లాస్టిక్

బంకు కార్పెట్ నేసేది పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ దారంతో. ఇంటి తివాచీ ముక్క ఇక్కడ కొద్ది నెలలకే చీలికలవుతుంది. అతుకు ఎప్పుడూ పై ముఖం మీదికి రాకూడదు. పిన్నులు పక్కన, కింద మాత్రమే, స్టెయిన్‌లెస్‌వి కొట్టాలి. కింది ముఖాన్ని పూర్తిగా చుట్టకుండా కనీసం నడుమ తెరిచి ఉంచితే నీరు జారిపోతుంది. జిగురు వద్దు.

కార్పెట్ తడిని దాచుకోవడం వల్ల మరో హాని కూడా ఉంది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించిన జీబ్రా ఆల్చిప్పలు అమెరికా నీటి వనరులను ఆక్రమించాయి. టెక్సస్‌లో మొదట బయటపడింది 2009లో, టెక్సోమాలో. వాటి పిల్లలు కంటికి కనిపించవు, తడి ఉన్నచోటల్లా ప్రయాణం చేస్తాయి. ఒక చెరువు నుంచి మరో చెరువుకు వెళ్లేముందు పడవతో పాటు బంకులనూ పూర్తిగా ఆరబెట్టడం అక్కడ బాధ్యతగల పడవ యజమాని చేసే పని.

ప్లాస్టిక్ పట్టీలు నీళ్లు పీల్చవు, పడవ సులువుగా జారుతుంది. ఆ సులువే ప్రమాదం కూడా. దింపుడు ర్యాంపుల వాలు సాధారణంగా నూటికి 12 నుంచి 15. పదిహేను వాలు మీద వెయ్యి కిలోల పడవ నూట యాభై కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. ఘర్షణ గుణకం 0.15 కంటే తగ్గితే జారిపోవడం ఖాయం. తడి కార్పెట్ పట్టుకుని ఉంచుతుంది, ప్లాస్టిక్‌కు ఆ భరోసా లేదు. కార్పెట్ మీద సిలికాన్ చల్లినా అంతే. జారే బంకులున్నవారు పడవ నీళ్లను తాకేదాకా వించ్ కొక్కెం విప్పకూడదు. ర్యాంపు మీద ఆరబెట్టుకున్నట్టు పడి ఉన్న పడవ చూడడానికి బాధగా ఉంటుంది. దాని వెనక మనిషి నిలబడి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. ప్లాస్టిక్ ఎండకు బాగా సాగుతుంది కనుక దాని రంధ్రాలు గుండ్రంగా కాకుండా పొడవుగా ఉండాలన్నది మరో సంగతి.

పాత పలక

ఏడాదికోసారి, కార్పెట్ అంచు ఎత్తి స్క్రూడ్రైవర్ మొనతో బ్రాకెట్ల దగ్గర గుచ్చి చూస్తే కర్ర సంగతి తెలిసిపోతుంది. మొన సులువుగా దిగితే కాలం తీరినట్టే. పుట్టగొడుగు వాసన వచ్చినా, బోల్టు చుట్టూ తుప్పు కారిన చారలు ఉన్నా అదే అర్థం. ఒక బంకు పోతే రెండోదీ మార్చాలి. కొత్తది బిర్రుగా, పాతది మెత్తగా ఉంటే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది.

తీసిన పలకను వెంటనే పారేయకూడదు. దాన్ని కొత్త పలక మీద పరిచి రంధ్రాలు, పొడవు, వాలు గుర్తు పెట్టుకోవాలి. దాని పై ముఖం మీద నలిగిన గుర్తులు చదివితే ఇన్నాళ్లూ పడవ నిజంగా ఎక్కడ ఆనిందో, ఎక్కడ ఆనలేదో తెలుస్తుంది. కొత్త బ్రాకెట్లు ఎక్కడ కావాలో చెప్పేవి ఆ గుర్తులే. ఆ తర్వాత, పలక 2004కు ముందు నాటిదై, పచ్చటి మందు కర్ర అయితే చలిమంటలో వేయకూడదు. ఆర్సెనిక్ పొగలోనూ ఉంటుంది, మిగిలిన బూడిదలోనూ ఉంటుంది. ఆ ఊరి చెత్త సేకరణ కేంద్రంలో మందు కర్రకు కేటాయించిన చోట అప్పగించాలి.